బెనెదిక్త్ సోవా గెలిచిన కుర్చీ

మా శిబిరంలో వంటవాడిని ఓటు వేసి ఎన్నుకునే హక్కు తెచ్చిపెట్టినవాడు బెనెదిక్త్ సోవా. అది అతడి మొదటి గెలుపు. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. వేడి చారు ముందు పెట్టుకుని, కడుపు నకనకలాడుతున్నా చెంచా ముట్టకుండా కూర్చుని సంపాదించుకున్నది.

ఇప్పుడు చుట్టుపక్కల శిబిరాలన్నిటిలోనూ ఎవడయ్యా ఈ సోవా అని అడుగుతున్నారు. అతడు ఇక్కడ లేడు కాబట్టి నేను చెబుతాను. నా పేరు వాలెంటీ. ఈ హోఫ్‌మట్ శిబిరంలో నాకంటే వయసులో పెద్దవాడు లేడు. చదివింది ఊరి బడిలో నాలుగు తరగతులే అయినా రెండు యుద్ధాలు చూసినవాణ్ని, పోలండులో మా ఊరికి పన్నెండేళ్ళు గ్రామపెద్దగా ఉన్నవాణ్ని. మనిషిని చూసి ఎంతవాడో చెప్పగలను.

బెనెదిక్త్‌ది మా జిల్లాయే. వాళ్ళ ఊరికీ మా ఊరికీ మధ్య ఒక చిన్న ఏరు, రెండు బీట్ దుంపల పొలాలు. తండ్రికి మూడెకరాలు, ఆరుగురు పిల్లలు. పంతొమ్మిది వందల ముప్పై ఏడులో రైతులమంతా పట్నాలకు పాలూ ధాన్యమూ ఆపి సమ్మె కట్టినప్పుడు ఆ ఏటి వంతెన మీద బండ్లు ఆపినవాడు అతడు. అందుకు జైలుకు పోయాడు. బయటికి వచ్చాక ఏ దొరా పని ఇవ్వకపోతే ఫ్రాన్సు వెళ్ళి దుంపల పొలాల్లో కూలి చేశాడు. యుద్ధం వచ్చింది, అక్కడే మన పటాలంలో చేరాడు. నలభై జూన్‌లో ఫ్రాన్సు చేతులెత్తేసినప్పుడు మా డివిజను మొత్తం సరిహద్దు దాటి ఈ స్విట్జర్లాండులోకి వచ్చి తుపాకులు కుప్పపోసింది. వీళ్ళు ఎవరి పక్షమూ కాదు. మమ్మల్ని తరమలేదు, వదిలిపెట్టలేదు. ఊరి హోటలు మేడ మీది డాన్సు హాలులో గడ్డి పరిచి పడుకోబెట్టారు, పగలు బురదనేలల్లో కాలువలు తవ్వించారు. రాజకీయం మాట్లాడకూడదన్నది మొదటి రోజే చదివి వినిపించిన నిబంధన.

ఆ రోజుల్లో వంటశాల ఒక సార్జెంటు చేతిలో ఉండేది. అతడు చేసే చారులో మొహం చూసుకోవచ్చు. మాంసం ముక్కలు అధికారుల బల్ల దగ్గర తేలేవి. మాకు కావలసింది పులిసిన రై ధాన్యం పిండితో చేసే మన ఊరి చిక్కటి చారు. మన కెప్టెన్ జారెంబా గారి దగ్గరికి వెళ్ళి వంటవాణ్ని మేమే ఎన్నుకుంటామని అడిగితే, సైన్యంలో ఓట్లేమిటి, రేపు సేనాపతిని కూడా ఎన్నుకుంటారా అని నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మీద బెనెదిక్త్ నాతో, "తాతా, ఆయన నవ్వాడంటే లోపల ఆలోచిస్తున్నాడు. కాదనుకుంటే అరిచేవాడు" అన్నాడు.

మర్నాడు భోజనం వేళకు గోడకు మూడు మేకులు కొట్టి ఉన్నాయి. మేకు మేకుకూ కింద ఒక పేరు, సుద్దముక్కతో. మొదటిది సార్జెంటుదే, ఆయన కూడా పోటీలో ఉండాలని బెనెదిక్తే రాయించాడు. ఒక్కొక్కరం లేచి వెళ్ళి మన చెంచాను మనకు నచ్చిన మేకుకు తగిలించి వచ్చి కూర్చున్నాం. చారు పళ్ళాల్లో చల్లారుతోంది. చెంచాలు గోడ మీద ఉన్నాయి. ఎవరూ తినలేదు. ఆ పూట అలాగే లేచి వెళ్ళిపోయాం. మర్నాడూ అంతే. ఖాళీ కడుపులతోనే కాలువ పనికి వెళ్ళాం, అయినా ఒక్కడు గోడ దగ్గరికి పోలేదు. చివరికి కెప్టెన్ గారే వచ్చి గోడ ముందు నిలబడి చెంచాలు లెక్కపెట్టారు. సార్జెంటు మేకుకు ఒకే ఒక చెంచా ఉంది, అది సార్జెంటుదే. యూజెఫ్ పిజిక్ అనే బేకరీవాడి మేకు చెంచాల బరువుకు వంగిపోయింది. "తినండి ఇక" అన్నారు కెప్టెన్ గారు, అంతే. ఆనాటి నుంచి యూజెఫే మా వంటవాడు. ఆరు నెలలకోసారి మళ్ళీ ఎన్నుకుంటాం. ప్రతిసారీ అతడే గెలుస్తాడు, అది వేరే సంగతి.

తరువాత అతడు చేసినవి చాలా ఉన్నాయి. చదువు రానివాళ్ళకు చలికాలం అక్షరాలు నేర్పించాడు. ఈ ఊరి రైతులతో మాట్లాడి, ఆదివారాలు వాళ్ళ గడ్డి కోసినందుకు కూలికి బదులు ఒక పాత రేడియో తెచ్చాడు. కోతల పండుగకు మన పద్ధతిలో కంకుల కిరీటం కట్టించి ఊరి మధ్య నుంచి నడిపించాడు. ఈ ఊరి ఆడవాళ్ళు కిటికీలు తెరిచి చూశారు. నేను ఇవన్నీ కళ్ళారా చూశాను. కానీ అసలు పని ఇవేవీ కావు.

శిబిరాలన్నిటికీ కలిపి ఒక సంక్షేమ మండలి ఉంది. మండలి అంటే అధికారులు వేసుకున్న అధికారులు. ఎవరిని చదువులకు పంపాలి, ఎవరిని రోడ్లు వేయడానికి పంపాలి అన్నది అక్కడ తేలుతుంది. హైస్కూలు గట్టెక్కినవాళ్ళు పట్నాల్లో కాలేజీలకు పోయారు, మంచిదే. మిగతావాళ్ళం పలుగూ పారా. మన ఊళ్ళలో రైతు పార్టీ వాళ్ళు చలికాలం నడిపే రైతు బడులు ఉండేవి కదా, అలాంటిది ఒకటి ఇక్కడా పెట్టాలని బెనెదిక్త్ కోరిక. సహకార సంఘం ఎలా నడపాలి, భూమి కొలతలు ఎలా వేయాలి, చట్టసభకు పోటీ ఎలా చేయాలి, అన్నీ నేర్పే బడి. యుద్ధం అయ్యాక ఇంటికి వెళ్ళేది వీళ్ళే, దేశం నడపవలసినదీ వీళ్ళే అనేవాడు. దానికి మండలిలో ఒక్క కుర్చీ కావాలి. సైనికులు ఓటు వేసి పంపినవాడు కూర్చునే కుర్చీ. అదే పట్టు పట్టాడు.

అందుకు ఆరు శిబిరాల వాళ్ళు ఒకచోట కలవాలి. కలవడం ఎలా? నలభై ఒకటి చివర్లో నిబంధనలు మరీ బిగించారు. మేడ కింది హోటలు భోజనశాలలో కాలు పెట్టకూడదు, సైకిలు తొక్కకూడదు, ఈ ఊరి పిల్లను పెళ్ళాడకూడదు, గుంపు కూడకూడదు. అప్పుడు బెనెదిక్త్‌కు తట్టిన ఉపాయమే నామకరణ పునీతుడి రోజు. మనలో పుట్టినరోజును ఎవరు పట్టించుకుంటారు? ఎవరి పేరు ఏ పునీతుడిదో ఆయన రోజే మన పండుగ. మా శిబిరం మీద పెత్తనం స్విస్ లెఫ్టినెంటు ఇంగోల్డ్ గారిది. సొంత ఊళ్ళో జున్ను తయారుచేసే మనిషి, నిదానస్తుడు, ప్రొటెస్టెంటు. పునీతుల లెక్క ఆయనకు బొత్తిగా తెలియదు. బెనెదిక్త్ వెళ్ళి, మా వాడి పేరు రోజు, బల్ల చుట్టూ కూర్చుని వాడికి శుభం పలకాలి అంటే, మతానికి సంబంధించిన ఆచారం కాబట్టి సరే అన్నారు.

ఆ చలికాలం మా శిబిరంలో పునీతులకు తీరిక లేదు. జనవరిలో హిలారి, ఫిబ్రవరి మొదట్లో ఇగ్నాత్సీ, చివర్లో రోమాన్, మార్చిలో కజీమిర్. గ్లాసెత్తి మూడు ముక్కలు శుభం పలకడం, ఆ తరువాత రైతు పార్టీ సమావేశం. ఒకసారి ఇంగోల్డ్ గారు దుబాసీ వీత్‌ను అడిగారట, మీ దేశంలో పని చేసే రోజులు కూడా ఉంటాయా అని. వీత్ చదువు సగంలో ఆగిన మా కుర్రాడు, గడుసువాడు. "పునీతులు మాకోసం పని చేస్తారండి, మేము మీకోసం చేస్తున్నాం" అన్నాడట. ఆయన నవ్వారని వీత్ అంటాడు. నేను చూడలేదు.

మార్చి మధ్యలో కబురొచ్చింది. ఏప్రిల్‌లో శిబిరాలను విడగొట్టి కొండల్లో రోడ్ల పనికి తలో దిక్కూ పంపుతారని. ఇక ఆరు శిబిరాల వాళ్ళు కలిసేది కల్ల. కుర్చీ తేల్చుకోవాలంటే ఈ నెలలోనే. మిగతా అయిదు శిబిరాల నుంచి అయిదుగురు రావాలి, తీర్మానం చెయ్యాలి, మనిషిని నిలబెట్టాలి. వాళ్ళు బయలుదేరాలంటే సెలవు చీటీ కావాలి. చీటీకి కారణం కావాలి. వంటవాడు యూజెఫ్ పేరు రోజు మార్చి పంతొమ్మిది. అయిదుగురూ అతడికి బంధువులమని రాయించుకున్నారు. ఒకడు మేనమామ, ఒకడు బావమరిది, మిగతా ముగ్గురూ పెదనాన్న పిల్లలు. యూజెఫ్‌కు అంత వంశం ఉందని అతడికే తెలియదు.

ఇక్కడే మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు చేశాం. రోజును స్విస్ లెఫ్టినెంటు కళ్ళతో చూశాం, మన కళ్ళతో చూడలేదు. అది ఉపవాసాల కాలం. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా పాట లేదు, విందు లేదు. ఒక్క పునీత యూజెఫ్ రోజుకే మినహాయింపు, ఆ రోజు అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పైగా పేరు రోజుకు మనలో పిలుపులు ఉండవు. గుర్తున్నవాడు వస్తాడు, వచ్చినవాణ్ని పొమ్మనకూడదు. మరి యూజెఫ్ అనే పేరు లేని ఇల్లు పోలండులో ఉందా? ఉన్న యూజెఫ్‌లందరిలోకీ చేతిలో రొట్టె ఉన్న యూజెఫ్ మావాడే. వారం రోజులుగా అతడు పిండి దాచి గసగసాల రొట్టెలు చేస్తున్న వాసన కాలువ దాకా వస్తూనే ఉంది. అయినా మాకు తట్టలేదు.

పంతొమ్మిది గురువారం, పని ముగిశాక బల్లలు వేశాం. అయిదుగురు బంధువులూ వచ్చారు. వాళ్ళ వెనకే పక్క శిబిరం నుంచి పన్నెండు మంది, వాళ్ళ వెనక ఇంకో గుంపు. చీటీ ఉన్నవాళ్ళు రోడ్డు మీద నుంచి, లేనివాళ్ళు పొలాలకు అడ్డంపడి. ఫాదిరీ గారు వచ్చారు. కెప్టెన్ జారెంబా గారు బొచ్చు బ్రష్షుతో బూట్లు మెరిపించుకుని మరీ వచ్చారు. చివరికి ఇంగోల్డ్ గారే, భార్యను వెంటబెట్టుకుని, చంకలో ఒక జున్ను చక్రంతో. యూజెఫ్ అందరికీ దండం పెడుతూ, మొహం పాలిపోయి, నా దగ్గరికి వచ్చి, "తాతా, నేను ఇంత మంచివాణ్నని నాకు తెలీదు" అన్నాడు.

డాన్సు హాలులో మోచెయ్యి కదపడానికి చోటు లేదు. రైతులు ఇచ్చిన ఆపిల్ కల్లు జగ్గులతో తిరుగుతోంది. అయిదుగురు ప్రతినిధులూ అయిదు మూలల్లో ఇరుక్కుపోయి బెనెదిక్త్ వైపే చూస్తున్నారు. పొయ్యి పక్కన అతడి చుట్టూ మేం నలుగురం చేరాం. వీత్ అన్నాడు, సమావేశం మానేద్దాం, తిని పంపిద్దాం, ఈ జనంలో నోరు తెరిస్తే పట్టుకుపోతారు అని. పట్టుకుపోతారన్నది నిజమే. అప్పటికే ఇద్దరిని వేరే శిబిరం నుంచి శిక్షా శిబిరానికి పంపారు. అక్కడి నుంచి తిరిగొచ్చినవాడు దవడలు పీక్కుపోయి వచ్చాడు. బెనెదిక్త్‌కు ఫ్రాన్సులో ఉన్నప్పటి నుంచే ఊపిరితిత్తులు అంత గట్టివి కావు. నేను అతడి చెయ్యి పట్టుకున్నాను.

"ఒరే అబ్బాయ్, ఇవాళ కాకపోతే ఏమవుతుంది?"

"ఇవాళ కాకపోతే కుర్చీ లేదు తాతా. ఏప్రిల్‌లో నువ్వొక కొండ మీద, నేనొక కొండ మీద." హాలంతా ఒకసారి చూశాడు. "మనం అయిదుగురిని పిలిచాం. రెండు వందల మంది వచ్చారు. ఇంతకంటే మంచి సమావేశం మనకెవడు కట్టిపెడతాడు?"

గ్లాసు పట్టుకుని బెంచీ ఎక్కాడు. అందరూ శుభం పలుకుతాడనుకుని సద్దుమణిగారు. పలికాడు కూడా. యూజెఫ్‌కు ఆయుష్షు, ఆరోగ్యం, ఇంటి దగ్గర సొంత బేకరీ, దాని వెనక నోరు మెదపని భార్య. హాలు గొల్లుమంది. ఆ నవ్వు ఆగకముందే అదే గొంతుతో చెప్పాడు. ఈ యూజెఫ్‌ను మనమే ఎన్నుకున్నాం, అందుకే ఇవాళ ఇంతమందిమి వచ్చాం, పైవాళ్ళు వేసిన వంటవాడి పేరు రోజుకు ఇంతమంది వస్తారా అని. మండలిలో మనకూ అలాంటివాడు ఒక్కడుండాలి అని. రైతు బడి గురించి చెప్పాడు, ఇంటికి వెళ్ళాక మన చేతుల్లోకి రాబోయే దేశం గురించి చెప్పాడు. పొడుగ్గా కాదు. మా ఊళ్ళో గొడ్లసంతలో బేరం చెప్పినట్టు, తేటగా.

కెప్టెన్ గారు లేచారు.

"సోవా, ఇది రాజకీయ సమావేశం. ఇక్కడితో ఆపు."

"కాదండి కెప్టెన్ గారూ. ఇది యూజెఫ్ పేరు రోజు. మీరూ పిలవకుండానే వచ్చారు, నేనూ పిలవకుండానే వచ్చాను. మిమ్మల్ని పొమ్మనే హక్కు నాకు లేదు, నన్ను దిగమనే హక్కు మీకు లేదు. ఇంటివాణ్ని అడగండి."

అందరి కళ్ళూ యూజెఫ్ మీద పడ్డాయి. పిండి అంటిన చేతులు తుడుచుకుంటూ, అతడు జన్మలో మొదటిసారి ఒక అధికారి మొహం సూటిగా చూసి, "కూర్చోండి సార్, రొట్టె కోస్తున్నా" అన్నాడు. కెప్టెన్ గారు ఒక నిమిషం నిలబడ్డారు. తరువాత కూర్చున్నారు. ఆయన రైతు సమ్మెను అణచిన పాత సర్కారు మనిషే, రైతు పార్టీ అంటే గిట్టదు. కానీ మనవాడే కదా, పేరు రోజు బల్ల దగ్గర గొడవ పడడం ఆయనకూ చేతకాలేదు.

మనిషిని నిలబెట్టమన్నాడు బెనెదిక్త్. అయిదుగురు ప్రతినిధులూ అయిదు మూలల నుంచీ అతడి పేరే అన్నారు. చేతులెత్తమన్నాను నేను, వయసులో పెద్దవాణ్ని కాబట్టి. అడవి లేచినట్టు లేచాయి చేతులు. ఫాదిరీ గారు ముందు బల్ల కిందికి చూశారు, తరువాత ఆయనా ఎత్తారు. కెప్టెన్ గారు ఎత్తలేదు, లేచి వెళ్ళనూ లేదు.

అప్పుడు ఇంగోల్డ్ గారు వీత్‌ను పిలిచి, వీళ్ళు చేతులెందుకు ఎత్తారు అని అడిగారు. వీత్ మా వైపు చూశాడు. అతడి నోట్లో అబద్ధం తయారుగా ఉంది, ఎవరు పాడాలో అడుగుతున్నారని చెబుదామనుకున్నాడట. ఆ ఒక్క మాటతో ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

బెనెదిక్త్ బెంచీ మీద నుంచే, "ఉన్నదున్నట్టు చెప్పరా వీత్" అన్నాడు.

"అన్నా, నిన్ను తీసుకుపోతారు."

"పాట కోసం చేతులెత్తారని నువ్వు ఇవాళ చెబితే, రేపు మండలి వాళ్ళు అదే పట్టుకుంటారు. పాటకే ఎత్తారు కదా, కుర్చీ ఎక్కడిది అంటారు. ఓటు అంటే ఓటని చెప్పు."

వీత్ చెప్పాడు. ఇంగోల్డ్ గారు చేతిలోని రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశారు. భార్య ఆయన మోచెయ్యి మీద చెయ్యి వేసింది. ఆయన చెడ్డవాడు కాదు. తెలియనంత వరకు తెలియనట్టు ఉండగలిగే మనిషి. తెలిశాక మాత్రం పై వాళ్ళకు చెప్పకుండా ఉండలేడు. బెనెదిక్త్‌ను శిక్షా శిబిరానికి పంపుతూ సోమవారానికి ఉత్తర్వు వచ్చింది. లారీ ఎక్కేటప్పుడు యూజెఫ్ మిగిలిన గసగసాల రొట్టె అంతా అతడి సంచిలో కుక్కాడు. బెనెదిక్త్ నాతో, "తాతా, కుర్చీ మీద ఎవర్నీ కూర్చోనియ్యకండి" అని ఒక్కటే చెప్పి వెళ్ళాడు.

ఆ పని నా మీద పడింది. మండలి వాళ్ళు అనుకున్నట్టే అడ్డం తిరిగారు. కానీ ఓటు జరగలేదని అనలేకపోయారు. రెండు వందల మంది, ఒక ఫాదిరీ, ఒక కెప్టెన్, ఒక స్విస్ లెఫ్టినెంటు చూశారు. పైగా ఓటు వేసినందుకే కదా శిక్ష వేసింది. అందుకని, కుర్చీ ఒప్పుకుంటాం, కానీ శిక్షలో ఉన్నవాడు పనికిరాడు, ఏప్రిల్‌లో జరిగే మొదటి సమావేశానికి మనిషి లేకపోతే కుర్చీ రద్దు, ఇంకెవరినైనా పంపండి అన్నారు. ఆరు శిబిరాల్లోనూ తిరిగి అడిగాం. పోటీకి నిలబడినవాడు ఒక్కడు లేడు. అడిగిన చోటల్లా, ఆయన వచ్చేదాకా ఆగమనండి అన్నారు. ఒకచోట మా పాత సార్జెంటు కూడా అదే మాట అన్నాడు, చారు సంగతి మాత్రం ఎత్తకు ముసలయ్యా అని.

ఆ జవాబు పట్టుకుని నేను కెప్టెన్ జారెంబా గారి దగ్గరికి వెళ్ళాను. ఎందుకంటే మండలిలో సమావేశం తేదీ వేసేవారిలో ఆయన ఒకరు. టోపీ తీసి నిలబడ్డాను, కానీ బతిమాలలేదు.

"వాడికి ఓటు వేయలేదయ్యా నేను" అన్నారాయన.

"లేచి వెళ్ళిపోలేదు కదండి" అన్నాను.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళారు. బయట మావాళ్ళు పలుగులూ పారలూ లారీకెక్కిస్తున్నారు, కొండలకు మొదటి జట్టు ఆ వారమే బయలుదేరింది. "వాడు ఊపిరితిత్తుల మనిషి. తిన్నగా వస్తాడంటావా?" అని అడిగారు. వస్తాడన్నాను. వంతెన మీద బండ్లు ఆపినందుకు జైలుకు పోయినప్పుడూ వచ్చాడు, ఇప్పుడూ వస్తాడు అన్నాను. మర్నాడు మండలి నుంచి మాట వచ్చింది. మొదటి సమావేశం ఏప్రిల్‌లో కాదు, మే నాలుగు సోమవారం.

కొండల్లోకి వెళ్ళిన జట్లకు కబురు పంపాం. రైతు బడికి చేరతామని ఇప్పటికే అరవై మందికి పైగా పేర్లు చెప్పారు. వీత్ భూమి కొలతల పాఠాలు తయారుచేస్తున్నాడు. యూజెఫ్ బడికి వంట నేనే చేస్తానంటున్నాడు, ఎన్నిక లేకుండా ఎలా కుదురుతుందిరా అని మేం ఏడిపిస్తున్నాం. శిక్షా శిబిరం నుంచి వచ్చిన ఒకతను బెనెదిక్త్‌ను చూశానని చెప్పాడు. దగ్గు ఉందట, చిక్కాడట, కానీ అక్కడి వాళ్ళకు కూడా పేరు రోజులు మొదలుపెట్టించాడట.

శిక్ష ముగిసి బెనెదిక్త్ సోవా తిరిగి వచ్చేది మే రెండో తేదీ, శనివారం.